దౌత్యానికీ నిఘాకూ ఒకే తరగతి గది: బీజింగ్ ఉదాహరణ



ఒక దేశం మరో దేశాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఏం కావాలి? ఆ దేశపు భాష తెలిసినవారు కావాలి. అక్కడి పత్రికలు చదవగలిగినవారు, నాయకుల ప్రసంగాల్లో నిన్నటికీ ఇవాళ్టికీ మారిన ఒక్క మాటను పట్టుకోగలిగినవారు కావాలి. ఇలాంటివారి అవసరం రాయబార కార్యాలయానికీ ఉంటుంది, నిఘా సంస్థకూ ఉంటుంది. మరి ఈ ఇద్దరినీ తయారుచేసే చదువులు వేరువేరా? ఈ ప్రశ్నకు జవాబు కోసం చైనా రాజధాని బీజింగ్‌లోని కొన్ని విద్యాసంస్థలను, ముఖ్యంగా అక్కడి అంతర్జాతీయ సంబంధాల విశ్వవిద్యాలయాన్ని పరిశీలిద్దాం.

ముందు కొంత చరిత్ర. 1949 అక్టోబరు 1న కమ్యూనిస్టు చైనా ఏర్పడింది. కొత్త ప్రభుత్వానికి పార్టీ ఉంది, సైన్యం ఉంది. విదేశాల్లో పనిచేసిన అనుభవం గల దౌత్యవేత్తలు మాత్రం చాలా తక్కువ. అందువల్ల సేనానులనే పలు దేశాలకు రాయబారులుగా పంపారు. మన దేశానికి వచ్చిన తొలి రాయబారి యువాన్ చుంగ్‌షియెన్ కూడా సైన్యాధికారే. అప్పటి ప్రధాని చౌ ఎన్ లై దౌత్యవేత్తలను సాధారణ దుస్తులు వేసుకున్న సైన్యంతో పోల్చేవారు. వారికి ఆయన నాలుగు లక్షణాలు నిర్దేశించారు: దృఢమైన వైఖరి, ప్రభుత్వ విధానంపై పట్టు, పనిలో నైపుణ్యం, కచ్చితమైన క్రమశిక్షణ. ఈ వరుసను గమనించండి. నైపుణ్యం మూడో స్థానంలో ఉంది. వైఖరిది మొదటి స్థానం.

అయితే ఎల్లకాలమూ సేనానులతో దౌత్యం నడవదు కదా! అందుకు బడులు కావాలి. వాటిలో మూడింటిని చూద్దాం.

మొదటిది బీజింగ్ విదేశీ భాషల విశ్వవిద్యాలయం. దీని మూలాలు 1941లో యెనాన్‌లో ఒక సైనిక, రాజకీయ కళాశాలకు అనుబంధంగా రష్యన్ నేర్పిన బృందంలో ఉన్నాయి. 1980 వరకు ఇది విదేశాంగ శాఖ కింద ఉండి, తరువాత విద్యాశాఖకు మారింది. నేడు వందకు పైగా భాషలు బోధిస్తున్నది. రెండోది 1955లో స్థాపించిన విదేశాంగ కళాశాల. ఇప్పుడు దానిని చైనా విదేశాంగ వ్యవహారాల విశ్వవిద్యాలయం అంటున్నారు. విదేశాంగ మంత్రిగా ఉన్న చెన్ యీయే కొంతకాలం దీనికి అధ్యక్షులు. ఈ రెండింటి సంగతీ దాపరికం లేనిది. దౌత్యవేత్తలను అందించామని అవే గర్వంగా చెప్పుకుంటాయి.

మూడోదే మన ప్రధానాంశం. అంతర్జాతీయ సంబంధాల విశ్వవిద్యాలయం బీజింగ్‌లోని హైదియెన్ ప్రాంతంలో, వేసవి రాజప్రాసాదానికి దగ్గరలో ఉంది. దీని చరిత్ర కూడా 1949లోనే మొదలవుతుంది. విదేశీ వ్యవహారాలకు సిబ్బందిని తయారుచేయడం దీని తొలి లక్ష్యం. విదేశీ భాషలు, అంతర్జాతీయ రాజకీయాలు, ఆర్థిక శాస్త్రం, న్యాయశాస్త్రం ఇక్కడి పాఠ్యాంశాలు. కాగితం మీద ఇది విద్యాశాఖ విశ్వవిద్యాలయం. కానీ 1983లో ఏర్పడిన రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖతో, అంటే చైనా ప్రధాన పౌర నిఘా సంస్థతో, దీనికి గట్టి సంబంధం ఉందని విదేశీ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆస్ట్రేలియా వ్యూహాత్మక విధాన సంస్థ 2019లో వెలువరించిన చైనా విశ్వవిద్యాలయాల జాబితాలోనూ ఈ సంబంధాన్ని పేర్కొన్నది.

ఇదే కోవలో ఒక పరిశోధనా కేంద్రం కూడా ఉంది. అది చైనా సమకాలీన అంతర్జాతీయ సంబంధాల సంస్థ. ఇది సొంత పత్రిక వెలువరిస్తుంది, విదేశీ పండితులతో సదస్సులు జరుపుతుంది. ఇది ఆ భద్రతా శాఖకు చెందినదేనని పరిశోధకుల అభిప్రాయం. 1990ల తొలి ఏళ్లలో దీనికి అధ్యక్షులుగా ఉన్న గెంగ్ హుయ్‌చాంగ్ 2007 నుంచి 2016 వరకు ఆ శాఖ మంత్రిగా పనిచేశారు. పండితుల సదస్సుకూ నిఘా శాఖ మంత్రి కుర్చీకీ మధ్య దూరం ఎంత తక్కువో చూడండి!

ఇది చైనాలో మాత్రమే ఉన్న విషయమా? కాదు. 1951 నుంచి 1960 వరకు బ్రిటన్ ప్రత్యేక పాఠశాలల్లో సైనిక యువకులకు రష్యన్ నేర్పింది. అమెరికా 1991లో చట్టం చేసి, కీలకమైన విదేశీ భాషలు చదివే విద్యార్థులకు ఉపకార వేతనాలిస్తోంది. అందుకు ప్రతిగా వారు కొంతకాలం ప్రభుత్వంలో పనిచేయాలి. ఢిల్లీలోని మన విదేశీ భాషల పాఠశాల కూడా రక్షణ మంత్రిత్వ శాఖ కిందే ఉంది.

మరి దౌత్యవేత్తకూ గూఢచారికీ తేడా ఎక్కడుంది? 1961 నాటి వియన్నా ఒప్పందం మూడో అధికరణం దీనికి సమాధానమిస్తుంది. తానున్న దేశపు పరిస్థితులను తెలుసుకుని స్వదేశానికి నివేదించడం దౌత్యవేత్త విధి. అయితే ఆ పని చట్టబద్ధమైన మార్గాల్లోనే చేయాలి. అంటే, తేడా చదివిన పాఠంలో లేదు, సమాచారం సంపాదించే పద్ధతిలో ఉంది.

చైనా విషయంలో అదనంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. 2017 నాటి జాతీయ నిఘా చట్టం ఏడో అధికరణం ప్రకారం సంస్థలూ పౌరులూ నిఘా కార్యకలాపాలకు సహకరించాలి. అలా అడిగినప్పుడు విశ్వవిద్యాలయం గానీ ఆచార్యుడు గానీ కాదనడం ఎంత కష్టమో ఊహించండి.

ఇది విద్యార్థులకు ఎందుకు అవసరం అంటారా? రెండు ఉదంతాలు వినండి. షాంఘైలో చదివిన ఒక అమెరికన్ యువకుడు రాజకీయ వ్యాసాలు రాస్తే డబ్బిస్తామన్న ప్రకటన చూసి స్పందించాడు. చిన్న మొత్తంతో మొదలైన పరిచయం సుమారు 70 వేల డాలర్ల దాకా సాగింది. స్వదేశంలో విదేశాంగ శాఖలోనో, నిఘా సంస్థలోనో ఉద్యోగం సంపాదించమని చైనా నిఘా అధికారులు అతనిని ప్రోత్సహించారు. 2010లో అతను నేరం అంగీకరించాడు. 2011లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. ఇది ఆదమరుపుకు చెల్లించిన మూల్యం.

రెండోది దీనికి పూర్తిగా భిన్నమైనది. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒక ప్రముఖ ఇంజనీరింగ్ ఆచార్యుణ్ణి, చైనాతో సంబంధాలు దాచారన్న ఆరోపణపై 2021 జనవరిలో అరెస్టు చేశారు. ఏడాది తరువాత ప్రభుత్వమే ఆ కేసును ఉపసంహరించుకుంది. ఇది అతి అనుమానానికి చెల్లించిన మూల్యం. దానిని నిర్దోషి చెల్లించవలసి వచ్చింది.

కనుక విదేశీ సంస్థ నుంచి ఆహ్వానమో, ఉపకార వేతనమో వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ సంస్థ ఏ శాఖ కింద ఉంది? డబ్బు ఎవరిస్తున్నారు? నేను రాసేది ఎవరికి చేరుతుంది? వీటికి స్పష్టమైన జవాబు దొరక్కపోతే అధ్యాపకులను సంప్రదించండి. అంతేగాని, ఒక విశ్వవిద్యాలయం పేరు చూసి అక్కడ చదివిన ప్రతి విద్యార్థినీ గూఢచారి అనుకోకండి.

భాష నేర్చినవారికి మూడో దారి కూడా ఉంది. జీ షియెన్‌లిన్ జర్మనీలో సంస్కృతం చదివి, 1946లో పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య భాషల శాఖను నెలకొల్పారు. సాంస్కృతిక విప్లవపు గడ్డురోజుల్లోనే వాల్మీకి రామాయణాన్ని చైనా భాషలోకి అనువదించడం మొదలుపెట్టి, దానిని పూర్తిచేశారు. 2008లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. పొరుగుదేశపు భాష ఆయనకు ఇంకొకరి రహస్యం తెలుసుకునే సాధనం కాలేదు, ఇంకొకరి మనసు తెలుసుకునే సాధనమైంది. మన దేశంలో చైనా భాష తెలిసినవారి అవసరం ఎంతైనా ఉంది. మీలో కొందరైనా ఆ భాష నేర్చుకోండి. కళ్లు తెరుచుకుని నేర్చుకోండి.