పెనుకొండ బాబయ్య నేర్పిన పాఠం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక సూఫీ మహనీయుని జీవితం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఆలింను కాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారిని. కాబట్టి పాండిత్యం జోలికి పోకుండా, పిల్లలకు చెప్పినట్టే ఒక కథ చెప్పి, ఆ కథ నన్ను ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పి ముగిస్తాను.

విశాఖపట్నంలో ఔలియాల మాట వస్తే మన చూపు ముందుగా దర్గా కొండ వైపే పోతుంది. హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మరియమాత చర్చి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ ఔలియా దర్గా. పూర్వం సముద్రం మీదికి పోయే ఓడలు ఆ దర్గాకు జెండా దించి ఎత్తి సలాం చేసేవని, క్షేమంగా తిరిగొచ్చిన హిందూ ఓడ యజమానులు చిన్న వెండి పడవలు చేయించి మొక్కు చెల్లించేవారని బ్రిటిష్ కాలపు జిల్లా గెజిటీర్‌లోనే రాసి ఉంది. 1933లో ఇప్పటి ఓడరేవు మొదలుకాక ముందటి సంగతి ఇది. ఆ దర్గా గురించి మనలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక జ్ఞాపకం ఉంటుంది.

అయితే ఈరోజు నేను ఎత్తుకున్నది మన రాష్ట్రానికి ఆ చివర ఉన్న ఇంకో కొండ ఊరి మహనీయుణ్ణి. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండలో వెలసిన హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్. జనం నోట ఆయన బాబయ్య. మన పనికి, అంటే దానం ఇచ్చే పనికి, ఆయన జీవితంలో ఒక పాఠం ఉంది. అందుకే ఆయనను ఎంచుకున్నాను.

తరతరాలుగా చెప్పుకొస్తున్న కథ ఇది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో దూదేకుల గురించి రాస్తూ దీన్ని నమోదు చేశారు. బాబా ఫఖ్రుద్దీన్ 12వ శతాబ్దంలో సీస్తాన్‌లో పుట్టారని సంప్రదాయం. సీస్తాన్ అంటే ఇప్పటి ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులో హెల్మంద్ నది చేరే ప్రాంతం. అజ్మీర్ ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీవారిని ‘సిజ్జీ’ అంటారు కదా, ఆ మాటకు అర్థం సీస్తాన్‌వారనే. ఆ నేలకు బాబయ్య రాజు.

ఒకరోజు ఆయన కొలువులో కూర్చుని తీర్పులు చెబుతున్నారు. ఆ సమయంలో ఒక వర్తకుడు అమ్మకానికి గుర్రాలు తెచ్చాడు. వాటిలో ఒక గుర్రం అందం చూసి రాజుగారి మనసు దాని మీదికి పోయింది. కాసేపు అలా చూస్తూ ఉండిపోయారు. తేరుకున్నాక ఒళ్లు జలదరించింది. న్యాయం చెప్పడమనే పవిత్రమైన పని చేస్తూ నేను గుర్రం అందంలో పడిపోయానే అని తనను తానే నిందించుకున్నారు. మౌల్వీలను పిలిపించి, ఈ నేరానికి శిక్ష ఏమిటో చెప్పండని అడిగారు. సింహాసనం దిగిపోవాలని వారు తేల్చారు. ఆయన మారుమాట్లాడలేదు. తమ్ముణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, దర్వేషు బట్టలు కట్టుకుని ఊరు విడిచి నడక మొదలుపెట్టారు.

నేను ఈ కథను ఒకసారి తొమ్మిదో తరగతిలో చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, “సార్, గుర్రాన్ని చూస్తే తప్పేంటి?” అన్నాడు. మంచి ప్రశ్న. గుర్రాన్ని చూడటం తప్పు కాదు. ఆయన దాన్ని దొంగిలించలేదు, అన్యాయంగా లాక్కోలేదు. తప్పుడు తీర్పు ఇచ్చారని కూడా కథలో లేదు. కానీ ఆ క్షణంలో ఆయన ముందు ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఎంత దూరం నుంచి వచ్చాడో, ఎన్ని రోజులు వేచి ఉన్నాడో, రాజు చెవిన పడాలని ఏ మాట కూడబలుక్కుని వచ్చాడో. ఆ మనిషి మాట్లాడుతున్నాడు, రాజుగారి కళ్లు వేరే చోట ఉన్నాయి. కథలో అతని పేరు లేదు, కష్టమేమిటో లేదు. గుర్రం మాత్రం మిగిలింది. రాజుగారికి భయం వేసింది అక్కడేనని నాకనిపిస్తుంది.

మౌలానా సాహెబులకు ఈపాటికి సూరా సాద్ గుర్తొచ్చే ఉంటుంది. హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం ఎదుట ఒక సాయంకాలం మేలుజాతి గుర్రాలను నిలబెట్టిన ఘట్టం అందులో ఉంది. వాటిని చూస్తూ ఆయన దైవస్మరణ వేళ దాటిపోనిచ్చారని, ఆ తర్వాత పశ్చాత్తాపపడ్డారని వ్యాఖ్యాతలు చెబుతారు. ఈ పరధ్యానాన్నే మన పెద్దలు ‘గఫ్లత్’ అన్నారు. చెడ్డపని చేయడం ఒకటి, చేయాల్సిన పనిలో మనసు లేకపోవడం ఇంకొకటి. మొదటిదానికి సాక్షులుంటారు. రెండోదానికి మనమే సాక్షులం.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

కొన్నేళ్ల క్రితం ఇలాగే ఒక ప్రత్యేక సంచిక తయారవుతోంది. విద్యార్థి సహాయం దరఖాస్తులు చూసే బాధ్యత కూడా నాదే. ఒక శుక్రవారం నమాజు తర్వాత ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నేను బల్ల మీద ప్రూఫు పేజీలు పరుచుకుని ఉన్నాను. రంగుల ఫోటోలు, దాతల పేర్లు, అట్ట మీద బొమ్మ. చాలా బాగా వచ్చాయి. ఆమె “మాస్టారూ, ఒక్క మాట” అంది. “కూర్చోమ్మా, రెండు నిమిషాలు” అన్నాను. రెండు నిమిషాలు అరగంటైంది. ఆమె మధ్యలో ఏదో చెప్పింది, నేను ఊఁ కొట్టాను. తలెత్తి చూసేసరికి కుర్చీలు ఖాళీ.

ఆ అబ్బాయికి వేరే జిల్లాలో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. చేరడానికి మర్నాడే ఆఖరి రోజు. చార్జీలకు, హాస్టలు అడ్వాన్సుకు కలిపి నాలుగున్నర వేలు కావాలి. ఈ వివరాలన్నీ నాకు పది రోజుల తర్వాత తెలిశాయి. అప్పటికి సంఘం ఖాతాలో డబ్బు లేక కాదు. మీరు ఇచ్చిన డబ్బు ఉంది. దాన్ని ఆ పిల్లవాడికి చేర్చాల్సిన నేను ఆ అరగంట అక్కడ లేను, అంతే. వాళ్లింటికి వెళ్లాను. అబ్బాయి ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేరిపోయాడు. “పర్లేదు సార్, వచ్చే ఏడు చూద్దాం” అన్నాడు. వచ్చే ఏడు మళ్లీ రాయలేదు. నేను రెండుసార్లు అడిగాను. ఇంట్లో అతని సంపాదన అలవాటైపోయింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో కనబడితే ఇప్పటికీ సలాం చేస్తుంది. ఆ సలాం తీసుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

బాబయ్య కథను అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాను. నిజంగా విన్నది మాత్రం ఆ తర్వాతే.

ఇక మిగిలిన ప్రయాణం చూద్దాం. సూఫీ గురువులు సాధకుని దారిలో మజిలీలు చెబుతారు. మొదటి మజిలీ తౌబా, అంటే తప్పు తెలుసుకుని వెనుదిరగడం. ఆ తర్వాత జుహ్ద్, ఫఖ్ర్, సబ్ర్, తవక్కుల్ వంటివి వస్తాయి. వైరాగ్యం, పేదరికం, ఓర్పు, దైవం మీద భారం వేయడం. బాబయ్య తౌబాలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, తన తప్పుకు తానే తీర్పు చెప్పుకోలేదు. చెప్పుకొని ఉంటే క్షమించుకునేవారేమో. తన తప్పును ఇతరుల ముందు పెట్టి, వాళ్ల మాటకు కట్టుబడ్డారు. రెండు, బాధపడుతూ కూర్చోలేదు. నడిచారు.

అలా నడుస్తూ హిందూ దేశం దాకా వచ్చి, తమిళదేశంలోని తిరుచిరాపల్లి చేరారు. అక్కడ తబ్రే ఆలం బాద్‌షా నత్తర్ వలీవారిని దర్శించి ముర్షిద్‌గా స్వీకరించారు. నత్తర్ వలీ కూడా సింహాసనం విడిచి వచ్చినవారేనని ప్రతీతి. నిన్నటిదాకా ఆజ్ఞలు ఇచ్చిన రాజు, ఒకరి ఆజ్ఞ కోసం నిలబడటం చిన్న సంగతి కాదు. మన పోర్టులో పనిచేసే సోదరులకు ఇది సులభంగా తెలుస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్ ఎంత అనుభవజ్ఞుడైనా, ఇరుకైన మన చానల్లోకి రావాలంటే పైలట్ ఓడ ఎక్కాలి, ఆయన చెప్పినట్టు ఓడ కదలాలి. ఈ నీళ్ల లోతు, ఈ గాలి, ఈ మలుపు పైలట్‌కు తెలుసు. ముర్షిద్ అటువంటివాడు.

కొంతకాలానికి గురువు ఆయనకు ఒక మిస్వాక్, అంటే పళ్లు తోముకునే పుల్ల ఇచ్చి పంపారు. ప్రతి రాత్రీ మజిలీ చేసిన చోట దీన్ని నాటు, ఎక్కడ చిగురిస్తే అక్కడే నీ చోటు అన్నారు. ఎన్ని రాత్రులు నాటారో, ఎన్ని ఉదయాలు ఎండుపుల్లను పెరికి చేత పట్టుకుని మళ్లీ నడిచారో మనం ఊహించుకోవాల్సిందే. చివరకు పెనుకొండలో అది చిగురించింది. ఆయన అక్కడే ఉండిపోయారు. పాత రాజ్యానికి తిరిగి వెళ్లలేదు.

ఆ ఊరు తర్వాతి కాలంలో విజయనగర రాజులకు ముఖ్యమైన దుర్గం. 1565 యుద్ధం తర్వాత వారికి రాజధాని. ఆ రాజులు, వారి తర్వాతి పాలకులు అందరూ పోయారు. బాబయ్య దర్గాకు మాత్రం ఇప్పటికీ ఉర్సుకు జనం వస్తారు. ముస్లింలూ వస్తారు, హిందువులూ వస్తారు. ఫకీరప్ప, ఫకీరమ్మ, బాబయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకుంటారు. ముఖ్యంగా మన దూదేకుల, నూర్‌బాషా సోదరులకు ఆయన ఇంటి పెద్ద వంటివారు. ఎండలో పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికిన కష్టజీవులు ఒక పూర్వపు రాజును తమవాడిగా చేసుకున్నారు. కొలువులో ఒకరి మాట వినలేకపోయానని రాజ్యం వదులుకున్న మనిషి దగ్గరికి, తమ మాట వింటాడని ఇన్ని వందల ఏళ్లుగా జనం వస్తున్నారు. ఆయన తౌబాకు ఫలితం ఇదేనేమో. అల్లాహ్‌కే తెలుసు.

దాతలారా, మన సంఘంలో రూపాయి రూపాయికీ లెక్క ఉంది. ఆడిటరుగారు ఏటా చూస్తారు. ఆ లెక్కలు సరిగ్గా ఉన్నందుకు అల్‌హందులిల్లాహ్. నా తల్లిగారి అరగంట మాత్రం ఏ ఆడిట్‌లోనూ దొరకదు. వయసులో నాకంటే చిన్నదైనా ఆమెను అలాగే అంటున్నాను. అందుకే కార్యవర్గం ముందు మూడు మనవులు పెడుతున్నాను.

మొదటిది, సహాయం కోరి వచ్చినవారిని కూర్చోబెట్టి, ఒక సభ్యుడు ఫోను పక్కన పెట్టి, చెప్పేది పూర్తిగా విని, కాగితం మీద రాసుకోవాలి. ముందుగా అడగాల్సిన ప్రశ్న, “ఎప్పటిలోగా కావాలమ్మా?”

రెండోది, మూడు రోజుల్లో ఔననో కాదనో జవాబు చెప్పాలి. కాదని చెప్పినా ఫరవాలేదు, వాళ్లు ఇంకో తలుపు తట్టుకుంటారు. గడువు తక్కువగా ఉన్నప్పుడు సమావేశం కోసం ఆగకుండా ఇచ్చేందుకు చిన్న మొత్తం ఒకటి విడిగా ఉంచాలి. ఆ నిధికి తొలి విరాళంగా నా ఒక నెల జీతం ఇస్తున్నాను. దీన్ని దానమని ఎవరూ రాయవద్దు. ఇది బాకీ.

మూడోది, సహాయం తీసుకునేవారి ఫోటోలు ఈ సంచికలో వేయవద్దు. దాతల పేర్లు వేయండి, ఇంకొకరికి ఇవ్వాలనిపిస్తుంది. పుచ్చుకున్న పిల్లవాడి ముఖం మాత్రం వాడి స్నేహితులు చూడాల్సిన అవసరం లేదు.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. కాసేపు మనసు పెట్టాలి, అంతే. కానీ ఆ కాసేపు మనసు పెట్టలేకపోయానని ఒక రాజు రాజ్యం వదిలేశాడు. మనల్ని ఎవరూ రాజ్యాలు వదలమనడం లేదు. ముందున్న మనిషిని చూడమంటున్నారు.

వచ్చే శుక్రవారం నమాజు తర్వాత నేను ఎప్పటిలాగే ఆ బల్ల దగ్గర ఉంటాను. ప్రూఫు పేజీలు ఇంట్లో పెట్టి వస్తాను.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. మన గఫ్లత్‌ను క్షమించుగాక. ఆ అబ్బాయికి, వాడి తల్లికి మేలు చేయుగాక. ఆమీన్.