చలానాకు వాయిదాలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఎప్పుడు పిలిచినా ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారీ అదే అడిగారు. నేను మాట్లాడబోయేది మాత్రం ట్రాఫిక్ చలానాల గురించి. విన్నాక, ఇదీ ఆడపిల్లల చదువు సంగతేనని మీకే తెలుస్తుంది.

2023 ఆగస్టు చివర్లో మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు రోజులు వరుసగా బడికి రాలేదు. జ్వరమేమో అనుకుని ఇంటికి వెళ్ళాను. జ్వరం కాదు. తండ్రి ఆటోను చెకింగ్‌లో ఆపి స్టేషన్‌లో పెట్టారు. ఆ ఆటోలోనే పిల్ల బడికి వచ్చేది. బండి మీద పదమూడు చలానాలున్నాయి, మొత్తం 4,135 రూపాయలు. చాలావరకు ఒకటే తప్పు: ఆసుపత్రి గేటు దగ్గరా, కూరగాయల మార్కెట్ ముందరా బేరం కోసం ఆటో నిలపడం. ఫోటో తీసినట్టు మెసేజ్ రాలేదా అని అడిగాను. ఆటో సెకండ్‌హ్యాండ్‌ది. ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది, ఫోన్ నంబరూ ఆయనదే. మెసేజ్‌లన్నీ అటు పోయాయి.

"తప్పు చేయలేదని అనట్లేదు మేడమ్. నెలకు అయిదు వందలు కడతానన్నా. అట్లా కట్టించుకునే పద్ధతి లేదు, మొత్తం కట్టి బండి తీసుకుపొమ్మన్నారు" అన్నాడాయన.

బండి లేకపోతే రాబడి లేదు, రాబడి లేకపోతే బండి రాదు. అయిదో రోజున గిరిగిరి వాళ్ళ దగ్గర అయిదు వేలు తీసుకున్నాడు. ముందే 750 పట్టుకుని 4,250 చేతిలో పెట్టారు. రోజుకు యాభై చొప్పున నూరు రోజులు కట్టాలి. అంటే ఆయన చలానా వాయిదాల్లోనే కట్టాడు. ఆ వాయిదాలు ప్రభుత్వానికి కాకుండా వడ్డీ వ్యాపారికి కట్టాడు, అంతే తేడా. వడ్డీ మన ఇళ్ళలో ఎంత బరువైన మాటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. డిసెంబరు మొదట్లో ఆఖరి యాభై కట్టాడు. ఆ నెల 26 నుంచి తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చింది. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం తగ్గింపు! ఆయన ఆగి ఉంటే ఎనిమిది వందల ముప్పైతో పోయేది. 2022 మార్చిలోనూ ఇలాగే 75 శాతం తగ్గించారు. రాయితీతో చాలామంది పేదలకు మేలు జరిగింది, కాదనను. కానీ క్లాసులో హోంవర్కు టైముకు తెచ్చిన పిల్లకు పది మార్కులు, సంవత్సరం చివర్లో తెచ్చిన పిల్లకు యాభై మార్కులు వేస్తే ఏమవుతుంది? మరుసటి ఏడు ఎవరూ టైముకు తేరు. రాయితీ ఎగవేసినవారికి కలిసొస్తుంది. వాయిదా అలా కాదు, కట్టాలనే మనసుండి చేతిలో లేనివారికి అక్కరకొస్తుంది. మొత్తంలో పైసా తగ్గదు.

ఇది మన చట్టానికి కొత్త ఆలోచనేమీ కాదు. కోర్టు జరిమానా విధించి, కట్టకపోతే జైలు అన్నప్పుడు, వెంటనే కట్టలేనివారికి ముప్పై రోజుల గడువు గానీ, రెండు మూడు వాయిదాలు గానీ ఇవ్వవచ్చు. పాత సీఆర్‌పీసీలో అది 424వ సెక్షన్, 2024 జూలైలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 464వది. రోడ్డు మీద కట్టే చలానా కోర్టు దాకా పోదు కాబట్టి ఆ వెసులుబాటు దానికి అందదు. చిన్న తప్పు చేసినవాడికే తక్కువ దయ దక్కుతోందన్నమాట.

నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ 2017లో చేసిన చట్టం గురించి అతనే చెప్పాడు. పార్కింగ్ జరిమానా కట్టలేని పేదలకు, బండి రిజిస్ట్రేషన్ ఆపే ముందు, నెలకు 25 డాలర్లు మించని వాయిదాల్లో కట్టే అవకాశం ఇవ్వాలట. మన జిల్లాలో నెలకు మూడు వందలంటే నాకు చాలు.

వాయిదాలిస్తే తప్పుకు భయం పోతుందని ఒక పెద్దాయన నాతో అన్నారు. నాకలా అనిపించదు. నెలనెలా గుర్తుచేసే శిక్ష ఒక్కసారి కట్టి మరిచిపోయేదానికన్నా గట్టిది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. శుక్రవారం నమాజు వేళ మన మసీదుల ముందు రోడ్డు సగం మన బళ్ళే ఉంటాయి. అంబులెన్సుకు దారి ఉండదు. వాయిదాలు అడిగే నోటితోనే అది మానమని మన పిల్లలకు చెప్పాలి.

ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని ఖుర్‌ఆన్ బఖరా సూరా 280వ ఆయత్‌లో ఉందని మీకు తెలుసు. చలానా అప్పు కాదు, దండన. ఆ ఆయత్ దీనికి వర్తిస్తుందో లేదో ఆలిములు చెప్పాలి, నేను చెప్పను. కానీ సొసైటీ తన పరిధిలో చేయగలిగిన పని ఒకటుంది. మనం పెళ్ళిళ్ళకు, ఆపరేషన్లకు ఇచ్చే ఖర్జె హసనాలోంచి కొంత పక్కన పెట్టి, ఆటోవాళ్ళకు, తోపుడుబండ్లవాళ్ళకు అయిదు వేల వరకు వడ్డీ లేకుండా ఇద్దాం. నెలకు అయిదు వందలు తిరిగి కట్టాలి. షరతు ఒక్కటే, ఆర్‌సీ తన పేరు మీదకు మార్చుకోవాలి, ఫోన్ నంబరు సరిచేసుకోవాలి. ఆ ఫారాలు నింపడానికి మా బడి టీచర్లం ఇద్దరం ఆదివారాలు వస్తాం.

రెండోది, వాయిదాల కోసం పోలీసు అధికారులకూ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ ఇచ్చే అర్జీ రాసి తెచ్చాను. తలుపు పక్కన బల్ల మీద ఉంది. పెన్ను కూడా పెట్టాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, అర్జీ మీద మొదటి సంతకం వాళ్ళ నాన్నదే.