హళ్లికి హళ్లి, సున్నకు సున్న



నరసరావుపేట దగ్గర మయిదవోలులో దొరికిన పల్లవ శివస్కందవర్మ రాగిరేకులు నాలుగో శతాబ్దివి. భాష ప్రాకృతం. విరిపర అనే ఊరిని దానం చేశామని కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి వచ్చిన ఉత్తరువు అది. చివర తేదీ ఉంది: పదో ఏడు, వేసవిలో ఆరో పక్షం, ఐదో రోజు. చెక్కినవాడు ప్రతి సంఖ్యనూ మాటల్లో రాసి, పక్కనే అంకె కూడా వేశాడు. ఇవాళ బ్యాంకు చెక్కు మీద మిర్చి డబ్బును అక్షరాలా రాసి, పక్క గడిలో అంకెలు వేసే కమీషన్ వ్యాపారి చేస్తున్నదీ అదే. మాటను అంకె, అంకెను మాట కాపలా కాస్తాయి.

అయితే ఆ రేకు మీది పది, ఒకటి పక్కన సున్న కాదు. పదికి ఒకటే గుర్తు. ఇరవైకి మరొకటి, నూరుకు వేరు, వెయ్యికి వేరు. నానేఘాట్‌లోని శాతవాహన శాసనంలో 24,400 కార్షాపణాల దానం కనిపిస్తుంది. ఇరవై వేలు, నాలుగు వేలు, నాలుగు వందలు అని మూడు జంట గుర్తులతో పని అయిపోయింది. ఇప్పుడు ఐదంకెలు కావాలి! రాసి పెట్టుకోవడానికి ఆ పద్ధతి దివ్యంగా ఉంటుంది. ఒకదాని కింద ఒకటి పేర్చి కూడబోతేనే తంటా. అంకె విలువ దాని ఒంట్లోనే ఉంది, నిలబడ్డ చోటులో లేదు.

చోటుకు విలువ వచ్చాక ఏమైందో చూడటానికి దూరం పోనక్కరలేదు. ఇంకొల్లు పక్కన పావులూరు ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత సారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన ఊరది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లు నింపితే మొత్తం ఎన్ని గింజలు? ఆయనదిగా ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి జవాబు చెబుతుంది: 18446744073709551615. ఇరవై అంకెలు, ఒక్క అంకె కూడా రాయకుండా. బాణమంటే ఐదు, చంద్రుడంటే ఒకటి, కొండంటే ఏడు. పద్యం ఒకట్ల స్థానంలోని బాణంతో మొదలై ఎడమకు నడిచి చంద్రుడి దగ్గర ఆగుతుంది. నాలుగు నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ వేరే పేరే: సముద్రానికి రెండు పేర్లు, వేదం, బ్రహ్మ ముఖాలు. సున్న రెండుచోట్ల వస్తే రెండుచోట్లా ఆకాశమే, ఒకసారి వియత్తు, ఒకసారి గగనం. ఖాళీకి ఆకాశం కన్నా మంచి పేరు దొరకదు.

ఇది కవిగారి సరదా మాత్రమే కాదు. తాటాకు నకలు తీసేవాడు ఒక అంకె తప్పు రాస్తే పట్టుకునే దిక్కు లేదు. మాట తప్పితే గణం చెడుతుంది, యతి కూలుతుంది. ఛందస్సే లెక్కల తనిఖీ అన్నమాట. రాజరాజ నరేంద్రుడు పట్టాభిషిక్తుడైన శక 944ను వేదాలు, సముద్రాలు, నిధులుగా దాచిందీ ఈ పద్ధతే. చోటుతో విలువ మారే ఇవే పది అంకెలను అరబ్బుల నుంచి నేర్చుకుని ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి తన పుస్తకం రాసింది 1202లో. అలా ఐరోపా చుట్టి మన దగ్గరికి తిరిగి వచ్చిన రూపాన్నే రాజ్యాంగం 343వ అధికరణం భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం అంటోంది.

పండితులు ఇక్కడితో ఆగిపోతారు. కరణం దస్తరం విప్పరు. అసలు విడ్డూరం అందులో ఉంది.

పూర్ణాంకాలకు పదులు, భిన్నాలకు నాలుగులు. కాలు ఒక నిలువు గీత, అర రెండు, ముప్పాతిక మూడు. కాలులో నాలుగో వంతు వీసం, దానికి ఒక అడ్డ గీత. పరకకు రెండు, మువ్వీసానికి మూడు. వీసంలో నాలుగో వంతు కాని, మళ్లీ నిలువు. గీత పడుకుందా నిలబడిందా అన్నదే స్థానం చెబుతుంది. చైనావాళ్ల లెక్కపుల్లలకూ ఇదే తెలివి ఉంది, కాకపోతే అవి పదుల్లో నడిచాయి. ఆ భిన్నాల వైపు ఖాళీకి వేరే గుర్తు ఉంది, దాని పేరు హళ్లి. హళ్లికి హళ్లి, సున్నకు సున్న అని నోరారా అనేవాళ్లలో అవి రెండు వేర్వేరు సున్నలని ఎందరికి తెలుసు?

తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, పుంజీకి నాలుగు కాయలు. కొలత ఎలా ఉంటే రాత అలా ఉంది. రూపాయిలో అణా అంటే వీసమే, ఒక్క అడ్డ గీత. దశాంశంలో అదే 0.0625 అవుతుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు రావడంతో ఆ గీతలకు పని పోయింది. తప్పుల తడకని తీసేయలేదు, కొలిచే సరుకు మారిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో ధర క్వింటాలుకు చెబుతారు. అదే ఊళ్లో జిన్నింగు మిల్లులో దూది ధర ఇప్పటికీ క్యాండీకే. క్యాండీ అంటే 784 పౌన్లు, దాదాపు 355.6 కిలోలు. ఖండి అనే దేశీ మాట ఇంగ్లీషువాళ్ల నోట్లో తిరిగి అలా వచ్చింది. కంప్యూటర్ తెర మీద పాత కొలత, కొత్త అంకెలు పక్కపక్కనే కూర్చున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు.

హళ్లితో కలిపి ఆ ఏడు గుర్తులకూ, తూము గుర్తుకూ 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కరణీకాలు 1984లోనే రద్దయ్యాయి. అప్పటికి నలభై ఏళ్లున్న కరణం ఇప్పుడు ఎనభై దాటాడు. అటకల మీది దస్తరాలను తడుముకోకుండా చదివేది ఆయనే. ఈ సభలోని పరిశోధకులు కాగితం, కలం పట్టుకుని ఆయన అరుగు మీద కూర్చోవలసింది ఈ వేసవిలోనే.