పాఠం చెప్పబోయి నేర్చుకున్న మాట



తెలుగునాట 'జోహార్' అనే మాటను మనం సాధారణంగా అమరులైన వారికి అర్పిస్తాము. అందుచేత, పదేళ్ల క్రితం ఈ జంషెడ్‌పూరు సమీపాన ఒక సంతాల్ గ్రామానికి స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడానికి వెళ్లిన తొలినాడు, పిల్లలందరూ నాకు 'జోహార్' అనగానే ఉలిక్కిపడ్డాను. అది అక్కడి నమస్కారమని తరువాత తెలిసింది.

హిందీలో ఎం.ఏ. చదివినదానను; ఆ భాష చాలునని నమ్మాను. కాని పిల్లలు పెదవి విప్పేవారు కారు. వారి మౌనాన్ని మందబుద్ధిగా భావించాను. ఆ తొందరపాటుకు నేటికీ సిగ్గుపడుతున్నాను. ఒకనాడు దాహం వేసి, అరకొర సంతాలీలో 'దాకా' అడిగాను. ఒక బాలిక పరుగున వెళ్లి అన్నం తెచ్చింది! నీరు 'దాక్' అనీ, అన్నం 'దాకా' అనీ ఆమెయే నాకు నేర్పింది. తరగతి అంతా నవ్వింది. ఆనాటి నుండే నాతో మాట్లాడసాగింది.

అప్పుడు గిడుగు వెంకట రామమూర్తిగారు (1863–1940) స్మరణకు వచ్చారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. సవర, సంతాలీ రెండూ ముండా కుటుంబపు భాషలే. సంతాలీకి పండిత రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని రూపొందించారు. 2003 నాటి రాజ్యాంగ సవరణ ఆ భాషను ఎనిమిదవ షెడ్యూలులో చేర్చింది.

ఉక్కు కర్మాగారంలో పనికై వచ్చిన తెలుగువారు తరతరాలుగా ఈ నగరంలో తమ భాషను కాపాడుకుంటున్నారు. అది మనకు గర్వకారణం. అయితే మనకు నీడనిచ్చిన నేల మాటను మన పిల్లలలో ఎందరు ఎరుగుదురు? సమైక్యత అంటే మన భాషను విడనాడడం కాదు. ఇరుగుపొరుగు వారి భాషలో దాహం అడగగలగడం.

అందరికీ జోహార్!