ఏది సర్కారు కొలువు?
(చెన్నూరు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్కారు కొలువు దొరికితే బతుకు ఒడ్డున పడ్డట్టేననీ, ప్రైవేటులో ఎన్నేళ్లు చేసినా రేపటికి పూచీ లేదనీ మనమంతా అనుకునేదే. కానీ స్త్రీలు చేస్తున్న పనుల్ని దగ్గరగా చూస్తే ఈ లెక్క తారుమారవుతుంది. బీడీలు చుట్టే అక్కనీ, అంగన్‌వాడీ టీచర్‌నీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

బీడీ పని పూర్తిగా ప్రైవేటు. తునికాకు, తంబాకు కంపెనీవి. ఇల్లు, వేళ్లు, నడుంనొప్పి ఆమెవి. అయినా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూచుని చుట్టే ఆమెను కూడా కార్మికురాలిగానే గుర్తించింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం బీడీ పరిశ్రమకు వర్తించింది. ఇళ్ల దగ్గర చేసేవాళ్లు మా ఉద్యోగులు కారని యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లి, 1985లో ఓడిపోయారు. పనిరోజులు తగ్గించడం, బాగాలేవని బీడీలు తీసిపారేయడం, ఒకరి కార్డు మీద ఇంట్లో ముగ్గురు చుట్టడం - ఇవన్నీ ఉన్నాయి. కూలి కూడా తక్కువే. అయినా పీఎఫ్ నంబరున్న ఆమెను కార్మికురాలు కాదని ఎవరూ అనలేరు.

అంగన్‌వాడీ సంగతి చూడండి. 1975 అక్టోబరు 2న ప్రభుత్వమే మొదలుపెట్టిన పథకం. రిజిస్టర్లు రాయాలి, పిల్లలకూ బాలింతలకూ తిండి చూడాలి, ఏ సర్వే వచ్చినా తిరగాలి. కానీ 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు వీళ్లు ప్రభుత్వోద్యోగులు కారంది. వాళ్లకిచ్చేది జీతం కాదట, 'గౌరవ వేతనం'! పసిపిల్లల్ని సాకడం ఆడదానికి పుట్టుకతో వచ్చే గుణమనీ, దానికి జీతమేమిటనీ అనుకునే పితృస్వామ్య బుద్ధి నుంచే ఈ మాట పుట్టిందని నా అభిప్రాయం. తెలంగాణలో టీచర్‌కు 2017లో 10,500 రూపాయలు, 2021లో 13,650 అయింది. ఆయాకు 7,800. ఆయా గురించి మన సంఘాలు కూడా తక్కువే మాట్లాడతాయి.

పక్కనే సింగరేణి ఉంది. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అయినా అక్కడ చీపురు పట్టిన కాంట్రాక్టు కార్మికురాలికి యజమాని కాంట్రాక్టరే. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది ఊరికే కాదు.

ఇక చేతికందే విషయం ఒకటి చెబుతాను. 2022 ఏప్రిల్ 25న గుజరాత్ అంగన్‌వాడీల కేసులో సుప్రీంకోర్టు, గౌరవ వేతనం కూడా వేతనమేననీ, వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేననీ తీర్పునిచ్చింది. లెక్క తేలికే: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,650 మీద ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచర్‌కు 1,57,500 రూపాయలు. 7,800 మీద ఆయాకు 90,000. దీనికి నియామక పత్రం, చేరిన తేదీ రుజువు కావాలి. మీ మండలంలో ఎందరి దగ్గర ఆ కాగితాలున్నాయో ముందు అది రాసుకుందాం, ఆయాల పేర్లతో మొదలుపెట్టి.