పరదేశవాసము – అల్పాదాయులు



ఉదరపోషణార్థము సముద్రము దాటుట తెలుగువారికి నూతనము కాదు. 19వ శతాబ్దమున మనవారు మారిషస్, నేటాలు, బర్మాలకు కూలికై యేగిరి. 1942లో జపానుసేనలు బర్మాను ముట్టడింపగా, పెక్కుమంది సర్వస్వము విడిచి కాలినడకను స్వదేశము చేరిరి. 1970 దశాబ్దము మొదలు మన తెలంగాణ యువకులు గల్ఫుదేశముల కేగుచున్నారు. అచట నెన్నియేండ్లు శ్రమించినను సామాన్యశ్రామికునకు పౌరసత్వము లభింపదు. కావున పునరాగమనము తప్పదు. రిక్తహస్తములతో వచ్చుటయా కాదా యనునదే ప్రశ్న.

జీతమును గాక, వడ్డీ పోగా మిగులుదానిని గణింపవలెను. 1983 ప్రవాస చట్టము ననుసరించి లైసెన్సు గల యేజెంటు పన్ను గాక 30,000 రూపాయలకు మించి రుసుము గొనరాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన వలన 275 రూపాయలకే రెండేండ్లు 10 లక్షల ప్రమాదబీమా కలదు. విజిటు వీసాపై పనికి పోవుట అనర్థహేతువు.

అక్షరములు నేర్పిన నాకు, నా శిష్యుడొకడు ఒప్పందపత్రమును చదువకయే సంతకము చేసి పోయెనని వినుట మిక్కిలి లజ్జాకరమైనది. మన మనోహరాబాదునుండి యెవ్వడు పోవుచున్నను, సంఘమువారు ఆ పత్రమును చదివి వినిపించి, ప్రతి నొకదానిని భద్రపఱచవలెనని నా విన్నపము. విద్యాదానముతో సమానమైన దానమిది.

స్వస్తి.