చెరువు అంచున జలపిప్పలి

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారం ఒకప్పుడు పొలములతో, చెరువులతో కూడిన గ్రామములు. 2007వ సంవత్సరమున ఉప్పల్ పురపాలక సంఘము మహానగరమున విలీనమైనది. నేడు ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు ఇండ్లకును, కర్మాగారములకును నడుమ చిక్కుకొని యున్నవి. మురుగునీరు చేరిన చెరువులలో గుర్రపుడెక్క ప్రబలును. కట్టడములు పెరిగిన కొలది గట్టు అంచుననుండు తేమనేల తగ్గిపోవును. ఆ నేలనే నమ్ముకొని బ్రతుకు మొక్కలకు చోటు లేకుండ పోవును. మీ చెరువుల అంచులు ఇంకను మీ చేతులలోనే యున్నవి. కావుననే ఈ విషయమును మీకు మనవి చేయుచున్నాను.

అట్టి మొక్కలలో జలపిప్పలి ఒకటి. దీనికి బొక్కెనాకు అనియు పేరు. శాస్త్రజ్ఞులు ఫైలా నోడిఫ్లోరా అందురు. ఇది నేలపై ప్రాకుచు, ఏండ్ల తరబడి బ్రతుకు మొక్క. పిప్పలికాయ వంటి చిన్న కంకిపై తెల్లని, లేత ఊదారంగు పూవులు వలయముగా పూయును. ఒక వలయము వాడిన పిమ్మట దానిపై మరియొకటి విచ్చును.

అంగడిలో అమ్ముడుపోని ఈ మొక్కతో మనకేమి లాభమని మీరడుగవచ్చును. గుమ్మడి, దోస, కాకర తీగలకు మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. మగపూవులోని పుప్పొడి ఆడపూవునకు చేరనిదే పిందె నిలువదు. దానిని చేర్చునవి జుంటీగలు మున్నగు కీటకములు. తోటలో పూత కొలది వారములే యుండును. మిగిలిన దినములలో వాని ఆకలి తీరుట ఎట్లు? మెట్టపూవులు ఎండిపోయిన వేసవిలో సైతము, తేమ యున్నచోట జలపిప్పలి పూయుచుండును. నెమలికన్ను వంటి చుక్కలుగల ఒక సీతాకోకచిలుక దీని ఆకులపైన కూడ గ్రుడ్లు పెట్టును.

దీనిని పెంచుటకు విత్తనము కొననక్కరలేదు. తొలకరి వానలు పడగనే, మూడు నాలుగు కణుపులు గల జానెడు తీగముక్కలను కోసి, నీటి అంచునకు కొంచెము పైన, అడుగు దూరమున నాటవలెను. రెండు కణుపులు మట్టిలో నుండిన చాలును. కణుపు కణుపుకును వేళ్ళు పుట్టి గట్టుమట్టిని పట్టి యుంచును. నేల కప్పుకొనువరకు కలుపును చేతితో తీయవలెను. కలుపుమందు చల్లరాదు. పొలములోనికి ప్రాకిన తీగలను మాత్రము కోసివేయవలెను.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పచ్చదనమును పెంచు బాధ్యతను పంచాయతీలపై నుంచినది. పచ్చదనమనగా చెట్లు మాత్రమే కాదు. చెరువు చుట్టును కొన్ని గజముల అంచును త్రవ్వక, సిమెంటు వేయక, చెత్త పోయక విడిచి, అందు ఈ మొక్కను నాటింపుడు. పైరు పూతలోనున్నపుడు ఉదయమున పురుగుమందులు కొట్టవద్దని రైతులకు నచ్చజెప్పుడు.

పోయిన చెరువు అంచును మరల తెచ్చుట కష్టము. ఉన్నదానిని కాపాడుటకు ఒక తీర్మానమును, కొలదిపాటి శ్రమయు చాలును. రానున్న సభలోనే ఆ తీర్మానము చేయుదురని ఆశించుచున్నాను.